పెద్దబండియు ప్రవాసియు

తెలుగులో బండి యను మాటకు గల ఔదార్యము మరియొక మాటకు లేదు. ఎడ్లు లాగునదియు బండియే, పట్టాలపై పోవునదియు బండియే, బడిపిల్లవాడు తొక్కునదియు, పట్టణపు యువకుడు ఆఫీసునకు నడుపుకొని పోవునదియు బండియే. చక్రమున్న చాలును, తక్కిన భేదములను మన భాష లెక్కింపలేదు. కాని దీనికి ముందు పెద్ద యను విశేషణము చేరినప్పుడు చిక్కు వచ్చును. పెద్దబండి యనగా ఎక్కువ బరువు మోయునది యని వెనుకటివారు తలచిరి. నేడు ఆ మాట వినగానే మనకు తోచునది బరువు కాదు, ఎత్తు, వెడల్పు, దానిని చూచి ప్రక్కకు తొలగు జనము.

విమర్శకునకు కావ్యములుండగా బండ్లతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. మనుష్యుడు తన సంపాదనలో పెద్దపాలు వెచ్చించి, వీధిలో పదిమంది కంటబడునట్లు నిలిపెడు వస్తువు ఏదైనను ఒక విధమైన రచనయే. ఇల్లు అట్టిది, పెండ్లిపందిరి అట్టిది, బండియు అట్టిదే. దానిలో కర్త యొక్క అభిరుచి కలదు, ఇతరుల ప్రభావము కలదు, అనుకరణ కలదు. కావున పరదేశముల స్థిరపడిన తెలుగు కుటుంబములలోను, మన బెంగుళూరు తెలుగు కుటుంబములలోను వెనుక తొట్టి గల పెద్ద పికప్ ట్రక్కులమీద కనబడుచున్న మక్కువను ఒక గ్రంథమును చదివినట్లు చదువుట తప్పు కాదని నా అభిప్రాయము.

ఈ బండి పుట్టుక అమెరికా పొలములలోనిది. ఫోర్డు కంపెనీ 1917లో ఒక టన్ను బరువు మోయు మోడల్ టీటీ ట్రక్కును తెచ్చినది. 1925లో తన మోడల్ టీ కారునకే వెనుక చిన్న తొట్టి నమర్చి, కర్మాగారమునుండియే సిద్ధముగా అమ్మసాగెను. అంతకు పూర్వము రైతులు కారు కొని, ఊరిలోని పనివానిచే వెనుక పెట్టె కట్టించుకొనెడివారు. వారము దినములు గడ్డిమోపులు, పాలడబ్బాలు మోసిన ఆ బండిలోనే ఆదివారమున కుటుంబము చర్చికి పోయెడిది. అనగా ఇది పనిముట్టు. పార, గొడ్డలి, నాగలి యే జాతివో ఇదియు ఆ జాతిదే. అమెరికావారు దీనిని గౌరవించుటకు కారణము దాని పరిమాణము కాదు, దానికంటుకొన్న మట్టి.

పిదప అది లావెక్కిన కథ వేరు. 1948లో ఫోర్డు వారి ఎఫ్ శ్రేణి వచ్చినది. 1960 దశకపు తొలినాళ్లలో ఐరోపా దేశములు అమెరికా కోడిమాంసముపై సుంకము పెంచగా, దానికి ప్రతీకారముగా అమెరికా ప్రభుత్వము పరదేశపు చిన్న ట్రక్కులపై 25 శాతము సుంకము విధించెను. అది 1964లో అమలునకు వచ్చినది. కోళ్ల తగవును లోకము మరచినను ఆ సుంకము దశాబ్దములపాటు నిలిచెను. 1975 నాటి ఇంధనపొదుపు చట్టము క్రింద కార్లకు పెట్టిన కట్టుబాటు ట్రక్కులకు కొంత సడలినది. బయటి పోటీ తక్కువ, లోపలి కట్టుబాటు తక్కువ. ఇట్టి నీడలో పెరిగిన మొక్క ఎట్లు పెరుగునో ఇదియు అట్లే పెరిగినది. 1977 మొదలు ఎఫ్ శ్రేణి బండ్లే ఆ దేశములో తక్కిన ట్రక్కులన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోవుచు వచ్చినవి. ఆ 1977లోనే ఉత్తర అమెరికాలోని తెలుగువారు న్యూయార్కులో తమ మొదటి మహాసభ జరుపుకొనిరి. ఇది కాకతాళీయమే, అయినను అమెరికా తెలుగువాని కథయు, ఆ బండి కథయు ఆనాటినుండి ఇరుగుపొరుగుగనే నడచినవి.

1965 నాటి వలస చట్టము పిమ్మట అచ్చటికి పోయిన మొదటి తరము వైద్యులు, ఇంజనీర్లు ట్రక్కుల జోలికి పోయినవారు కారు. టయోటాయో, హోండాయో కొని, దానినే పదేండ్లు నడిపి, మిగిలినది ఊరికి పంపిరి. ఆ కొనుగోలులో లెక్క కలదు, వెనుక విడిచివచ్చిన యింటి జ్ఞాపకము కలదు. డల్లాసు చుట్టునున్న అర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్లలో స్థిరపడిన తరువాతి తరమువారి స్థితి వేరు. అచ్చట పొరుగింటివాని ముంగిట ట్రక్కు ఉండును, ఎదురింట ట్రక్కు ఉండును. కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాడు తానును ఒకటి తెచ్చి నిలిపినచో, అది నేనును ఈ వీధివాడనే యని చెప్పుటకు ఒక మార్గము. యాసతో చెప్పలేని మాటను బండితో చెప్పుచున్నాడన్నమాట. దీనిని పరిహసించుట తేలిక, నేను పరిహసింపను. అచ్చటి దారులు వెడల్పు, నిలుపు చోట్లు వెడల్పు. పైగా ఇల్లు మారుచున్న మిత్రుని సామానునకు, తోటకు వలయు మట్టికి, గుడి ఉత్సవపు పందిరిగుంజలకు ఆ తొట్టి పనికివచ్చును. తొట్టి యేడాదిలో మూడువందల దినములు ఖాళీగా ఉన్నను, తక్కిన దినములలో దానికొక సమాధానము కలదు.

అదే బండి బెంగుళూరునకు వచ్చునప్పటికి అర్థము తలక్రిందులగును. డల్లాసులో అది పదిమందిలో ఒకడగుటకు కొన్నది. ఇచ్చట పదిమందిలో వేరగుటకు కొన్నది. దీనికై ఇప్పుడు సముద్రము దాటనక్కరలేదు. మైసూరు దారిలో బిడదియందు టయోటా కిర్లోస్కరు వారి కర్మాగారము కలదు. ఆ కంపెనీ 2022లో హైలక్స్ ట్రక్కును మన విపణిలో ప్రవేశపెట్టెను. ఇసుజు కంపెనీ 2016లో శ్రీసిటీలో కర్మాగారము తెరచి, డీ-మాక్స్ వీ-క్రాస్ అను ట్రక్కును తెలుగునేలమీదనే కూర్చుచున్నది. తెలుగునాట ఒకటి, బెంగుళూరు పొలిమేరలో ఒకటి! కొనువానికి ఇంతకంటె అనుకూలమేమి కావలెను?

అనుకూలము లేనిది వీధికే. హైలక్స్ పొడవు 5,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855 మిల్లీమీటర్లు. అడుగులలో చెప్పవలెనన్నచో పొడవు పదిహేడున్నర. బెంగుళూరు మధ్యతరగతి కుటుంబపు జీవితాశయము ముప్పై నలభై సైటు. దాని ముఖము ముప్పై అడుగులు. ఆ ముఖములో సగమునకు పైగా ఒక్క బండి ఆక్రమించును. మన దేశములో కారు నిలుపుటకు సాధారణముగా లెక్కకట్టు చోటు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. అందులో ఈ బండిని నిలిపినచో ఒక అడుగు బయటికి చొచ్చుకొనివచ్చును. ఆ అడుగు ఎవరిది? ఇరుగింటివానిదో, నడచిపోవువానిదో అయి యుండవలెను. ఇక పాతపేట సంగతి చెప్పనక్కరలేదు. 1537లో కెంపేగౌడ పేటను నిర్మించునప్పుడు నాలుగు దిక్కులకును ఎడ్లను కట్టి దున్నించి, ఆ చాళ్లనే వీధులుగా నిర్ణయించెనని ప్రతీతి. చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు నేటికిని ఎద్దుల కొలతకే కట్టుబడియున్నవి. కోటికి పైగా వాహనములు నమోదయిన నగరమున ఆ కొలతను మరచువాడు తానొక్కడే నష్టపడడు.

పెద్దది గనుక ఎక్కువ మోయునుగదా యని వాదింతురు. ఈ వాదము లెక్కకు నిలువదు. 2005లో టాటా కంపెనీ ఏస్ అను చిన్నబండిని తెచ్చినది. హిందీవారు దానిని ముద్దుగా చిన్న ఏనుగు అందురు. దాని పొడవు నాలుగు మీటర్లకు లోపే, వెడల్పు మీటరున్నర. మోయు బరువు ముప్పాతిక టన్ను. మన దేశమున సొంతవాడుక బండిగా అమ్ముచున్న హైలక్స్ తొట్టికి అనుమతించిన బరువు అర టన్నునకు లోపు. కృష్ణరాజ మార్కెట్టులో తెల్లవారుజామున పూలబుట్టలు, కూరగాయల బస్తాలు దింపు ఏస్ బండిని చూచినవారికి పెద్దబండి యేదో, చిన్నబండి యేదో వేరుగ చెప్పనక్కరలేదు. బరువు మోయుటకే అయినచో పెద్దబండి కొనువాడు పొరపడినాడు. అతడు పొరపడలేదు, కొన్నది బరువుకొరకు కాదు గనుక.

మరి దేనికొరకు? ఇచ్చట మన చలనచిత్రములను కొంత తడవవలసియున్నది. 1994లో టాటా వారు సుమో బండిని తెచ్చిరి. ఆ పేరు జపాను మల్లులనుండి వచ్చినదని పలువురు తలంతురు గాని, ఆ కంపెనీని పెంచిన సుమంత్ మూల్గావ్కర్ గారి పేరులోను ఇంటిపేరులోను గల తొలి అక్షరములే అవి. అది పదిమంది ఒదిగి కూర్చుండు బండి. పెండ్లివారికి, తిరుపతి యాత్రికులకు, రోగులకు ఉపయోగపడిన బండి. ఇట్టి సాధువును మన దర్శకులు ఎట్లు మార్చిరో చూడుడు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. ఈ వరుస చిత్రములలో సుమోలు బారులు తీరి దుమ్ము రేపుచు వచ్చును, వానినుండి వేటకొడవళ్లతో మనుష్యులు దిగుదురు, తుదకు బండ్లు గాలిలోనికి లేచి పేలిపోవును. నాయకుని గొప్పతనమునకు కొలత అతని వెనుక వచ్చు బండ్ల సంఖ్య. కథారంగము రాయలసీమ, అది వేరుసెనగ పండించు సీమ. అయినను ఆ చిత్రములలో ఒక్క బండియైన వేరుసెనగ బస్తా మోసినట్లు నాకు జ్ఞాపకము లేదు. సుమో తయారీ 2019లో నిలిచిపోయినది. ఆ చిత్రములు నేర్పిన పాఠము మాత్రము నిలువలేదు. నాడు తెరమీద పదిబండ్లు చేసిన పనిని నేడు వీధిలో ఒక్క పెద్దబండి చేయవలెనని కొనువాని కోరిక. అందుచేతనే దానికి నల్లరంగు, ముందు ఇనుపకమ్ముల కవచము, అర్ధరాత్రియు పగలు చేయు దీపములు. ఆ ఇనుప కవచములను కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో నిషేధించినది. అయినను అవి కనుమరుగు కాలేదు.

ఇచ్చట న్యాయము తప్పకుండ ఒక మాట చెప్పవలెను. బెంగుళూరు తెలుగువారిలో అనేకులకు ఊరితో సంబంధము తెగలేదు. హిందూపురము, మదనపల్లె, కదిరి, అనంతపురము ప్రాంతములలో భూములుండి, వారాంతమున పోయి చూచుకొనువారు కలరు. చింతామణి, ముళబాగిలు వైపు మామిడితోటలు గలవారును కలరు. బిందుసేద్యపు గొట్టములు, ఎరువు బస్తాలు, మోటారు పంపు తీసికొనిపోయి, తిరుగు ప్రయాణమున మామిడిపండ్లో, కొబ్బరికాయలో తెచ్చు బండి ఎంత పెద్దదైనను దానిని తప్పుపట్టుటకు ఎవరికి నోరు వచ్చును? గుంతల దారిలో, వానకాలపు బురదలో చిన్నకారు చేయలేని పనిని అది చేయును. అట్టి బండి తొట్టిలో గీతలుండును, మూలల మట్టి యుండును, ఒక తాడు ఎప్పుడును పడియుండును. దాని యజమానిని గుర్తుపట్టుటకు ఇవియే చాలును.

మన గ్రామములలో బండి గలవానికొక మర్యాద యుండెడిది. అది ఊరక వచ్చిన మర్యాద కాదు. ప్రసవవేదన పడు స్త్రీని పట్టణమునకు చేర్చుటకు అర్ధరాత్రి తలుపు తట్టినచో బండి కట్టవలెను. పొరుగువాని పంట కళ్లమునకు చేరకముందే మబ్బు పట్టినచో బండి ఇయ్యవలెను. పెండ్లికి గూడు కట్టి, గడ్డి పరచి, దుప్పటి వేసి పంపవలెను. ఇయ్యనివానిని ఊరు మాటాడి చంపెడిది. బండి ఒకనిదైనను దాని తొట్టిలో ఊరికి కొంత వాటా కలదని అందరు ఎరుగుదురు. పట్టణమునకు వచ్చి పెద్దబండి కొన్నవానికి ఆనాటి మర్యాద కావలెను; ఆనాటి వాటా అక్కరలేదు. తెలుగు సంఘముల ఉగాది ఉత్సవములకు కుర్చీలు, వంటపాత్రలు బాడుగ బండిలో దిగుచుండగా, సభాభవనపు ద్వారమునొద్ద పెద్దబండ్లు ఖాళీ తొట్లతో నిలిచియుండుట సంఘసేవకులు ఎరుగని దృశ్యము కాదు. అడుగుటకు వీరికి మొగమాటము. ఇచ్చుటకు వారికి రంగు గీసుకొనిపోవునను భయము.

ఇక నంబరు పలక. మోటారు వాహనముల చట్టము, 1988 లోని 47వ విభాగము ప్రకారము ఒక రాష్ట్రమున నమోదయిన బండిని మరియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి ఉంచినచో, అచ్చటి క్రొత్త సంఖ్యకు దరఖాస్తు చేసికొనవలెను. పన్ను భారమునకు వెరచి దీనిని వాయిదా వేయువారు అనేకులు. కాని అందరి కారణము పన్నే కాదు. ఏపీ యనియో, తెలంగాణ యేర్పడిన పిదప టీఎస్ అనియో, 2024 మార్చి తరువాతి బండియైనచో టీజీ యనియో వ్రాసియున్న పలకను తీసివేయుటకు కొందరికి మనసొప్పదు. పాతికేండ్లు జయనగరములో ఉండి, పిల్లలను ఇచ్చటి బడులలో చదివించి, కావేరినీరు త్రాగినవాని బండికి కేఏ యను రెండక్షరములు బరువగుట వింత గాదా? ఊరిమీది ప్రేమను నేను కాదనను. దానిని నిలుపుకొనుటకు భాష కలదు, వంట కలదు, పండుగ కలదు. పలకమీది అక్షరమునకు ఆ పని అప్పగించినచో, బండి పెద్దదైన కొలది ఆ అక్షరము పెద్దదై, వీధివారికి మరియొక విధముగ వినబడును.

అల్పసంఖ్యాకులము గనుక మనకు ఇది అల్పవిషయము కాదు. వీధిలో తగవు పుట్టినప్పుడు తప్పెవరిదని విచారించుటకు ముందే ఏ భాషవాడని విచారించు దినములివి. ఒకడు గేటుకడ్డముగా నిలిపిన బండికి, ఆ వీధిలో నాలుగు తరములుగా కన్నడము మాటాడుచు కలిసిమెలిసియున్న తెలుగు కుటుంబము సమాధానము చెప్పుకొనవలసివచ్చును. ప్రమాదము మాటలతోనే ముగియదు. అమెరికాలో రహదారి భద్రతను పరిశీలించు బీమా సంస్థవారు 2023లో ప్రకటించిన పరిశోధనలో, ముందుభాగము 40 అంగుళములకు మించి ఎత్తుగనున్న బండ్లు, 30 అంగుళముల లోపు ఎత్తుండి వాలుగనున్న బండ్లకంటె, తాకిన పాదచారిని చంపు అవకాశము సుమారు 45 శాతము అధికమని తేలినది. నలుబది అంగుళములనగా మన ఆరేడేండ్ల పిల్లవాని భుజముల ఎత్తు. కాలిబాటలమీద ట్రాన్సుఫారములు, కంకరకుప్పలు ఉండగా రోడ్డుమీదనే నడచి బడికి పోవు పిల్లలు గల నగరమున ఈ అంకెను కొనుబడి పత్రముతో పాటు చదువవలెను.

మన పూర్వులు వాహనమును గూర్చి ఆలోచింపనివారు కారు. బ్రహ్మాండమైన బొజ్జ గల గణపతికి ఎలుక నిచ్చిరి. దానిచేత గణపతి గౌరవము తగ్గినదని ఎవరును అనలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో మొదటి దినమున పెద్దశేషవాహనము, మరునాడు చిన్నశేషవాహనము. స్వామి రెంటిమీదను ఊరేగును, మాడవీధులు రెంటికిని సరిపోవును. బెంగుళూరు బసవనగుడిలోని కథ మరియు చక్కనిది. వేరుసెనగ పైరును మేసిపోవుచున్న యెద్దు శిలయైనదనియు, కెంపేగౌడ దానికి గుడి కట్టించెననియు చెప్పుదురు. కార్తికమాసపు చివరి సోమవారమున కడలెకాయి పరిషె జరుగును. చుట్టుపట్ల జిల్లాలనుండియు, సరిహద్దు దాటి తెలుగు తమిళ ప్రాంతములనుండియు వేరుసెనగ బస్తాలు వచ్చి బుల్ టెంపుల్ రోడ్డు పొడవునను రాశులు పడును. ఆ రాత్రులలో అచ్చట బస్తాలు దింపి, ఖాళీ గోనెలు పరచుకొని, తొట్టిలోనే నిద్రించు రైతుల బండ్లు కనబడును. వానిలో ఏదియు కొత్తది కాదు.

ఆయుధపూజనాడు మాత్రము అన్ని బండ్లును సమానమే. అరటిపిలకలు, బంతిదండలు, చక్రముల క్రింద నిమ్మకాయలు. (నడివీధిలో పగులగొట్టిన బూడిదగుమ్మడిమీద జారిపడు ద్విచక్రవాహనపు వాని పూజ మరుసటి దినమున ఆసుపత్రిలో.) ఆ పండుగకు ముందు జె.సి. రోడ్డులోని మోటారు సామగ్రి దుకాణములలో కాలు పెట్టుటకు చోటుండదు. రవీంద్ర కళాక్షేత్రమునకు నాటకము చూడబోవువారు ఒక్కనిమిషము నిలిచి చూడవచ్చును. పెద్దబండికి అచ్చట ఎక్కువగా అమర్చు అలంకారము, తొట్టి పైకప్పుగ బిగించు తాళము గల మూత. దాని క్రింద, లోపలి రంగు గీసుకొనిపోకుండ రబ్బరు పరుపు ఒకటి వేయింతురు.